అక్క నెత్తుటి గరుకు

మా ల్యాబులోని మైక్రోస్కోపుకు కన్ను లేదు, సూది ఉంది. ఈ మాట చెబితే మా అక్క పకపకా నవ్వింది.

"కన్ను లేకుండా ఎట్టా చూస్తదే?"

కరెంటు పోయినప్పుడు గూట్లో అగ్గిపెట్టె కోసం తడుముతాం కదా, అలాగే అని చెప్పాను. సన్నటి రేకు చివర కంటికి ఆనని మొన ఒకటి ఉంటుంది. అది ఎర్ర రక్తకణం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు, వరస తర్వాత వరస, తడుముకుంటూ పోతుంది. ఎక్కడ ఎత్తు తగిలిందో ఎక్కడ పల్లం తగిలిందో కంప్యూటరు బొమ్మ గీస్తుంది. కణం మీద చిన్న చదరం తీసుకుని, దాని సహజమైన వంపును లెక్కలోంచి తీసేస్తే మిగిలేది పైపొర గరుకు. దానికొక అంకె వస్తుంది. ఆ అంకె పట్టుకోవడమే నా ఉద్యోగం.

"దీనికోసమా అంత చదివింది?" అంది అక్క.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటి నేను ఒక్క కణం దగ్గర పూటంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. కూర్చోక తప్పదు మరి. హైవే మీద బరువు లారీ పోతే తెర మీద గీతలు వణుకుతాయి. పక్కగదిలో ఎవరైనా తలుపు విసిరికొడితే బొమ్మలో అడ్డంగా చార పడుతుంది. అందుకని మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, ఏసీ కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ పనిచేసేదాన్ని. నెల్లూరు ఎండలో ఏసీ ఆపుకుని కూర్చునే ఉద్యోగం ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు.

అప్పట్లో మేము చూస్తున్నది షుగరు రోగుల రక్తం. జబ్బు ముదిరేకొద్దీ కణం పైపొర గరుకెక్కుతుందా అన్నది మా మేడం వెంటపడిన ప్రశ్న. అది తేలాలంటే పక్కన ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం ఉండాలి. దాన్ని మేము నార్మల్ అంటాము. రోగులకు కొదవ లేదు, నార్మల్ మనుషులే దొరకరు. ల్యాబులో ఉన్నవాళ్ళందరం ఇచ్చేశాం. నన్ను చూస్తేనే, రక్తం అడుగుతానని, వరండాలో చదువుకునే పిల్లలు పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు.

అక్క వచ్చింది ఆ రోజుల్లోనే. ఇందుకూరుపేట మండలంలో, సముద్రపు ఒడ్డున ఆమె అత్తగారిల్లు. ఆ ఇంట్లో తరాలుగా విసురు వలలు కడతారు. బావ, ఆయన తల్లి, మా అక్క ముగ్గురికీ అదే పని. నెల్లూరు వచ్చినప్పుడల్లా నాకు ఎండు నెత్తళ్ళ చేపలు మూటకట్టి తెచ్చేది. ఆ వాసనకు వాచ్‌మన్ ఆమెను లిఫ్టు ఎక్కనిచ్చేవాడు కాదు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చేది.

ఆ రొప్పు నాకు మామూలైపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ అక్క పాలిపోయే ఉండేది. రెండుసార్లు కడుపు నిలవలేదు. రక్తం తక్కువని ఆస్పత్రిలో మాత్రలు ఇచ్చారు. వేడి చేసిందని వాళ్ళ అత్త అంది. దిష్టని మా అమ్మ అంది. అందరి మాటలూ వినీ వినీ అక్కే దాన్ని నవ్వులాటగా తీసుకోవడం నేర్చుకుంది.

"మా అత్త దేవుడి గూట్లో పసుపు డబ్బా ఉండాది," అని చెప్పింది ఆ రోజు. "ఆ ఇంట్లో బిడ్డ పుడితే తండ్రి వల అంచున బరువుకు కట్టిన గుండు ఒకటి తీసి చేతికి నల్లపూసల్లో గుచ్చి కడతారు. నడక వచ్చేదాకా తీయరు. నాకు కడుపొచ్చినప్పుడల్లా ఒక గుండు తీసి దాచింది. రెండూ అట్నే ఉండాయి డబ్బాలో."

నేను మాట మార్చి, రక్తం ఇస్తావా అని అడిగాను. షుగరు లేదు, బీపీ లేదు, వయసు సరిపోతుంది. రక్తం తక్కువన్నది ఆడవాళ్ళందరికీ ఉండేదేగా అనుకున్నాను. మేడం కూడా సరేనంది. కాగితం మీద సంతకం పెడుతూ అక్క, "నన్ను నార్మలన్నారని మా అత్తకు చెప్పాల. ఆమె లెక్కలో నేను ఏ రోజూ నార్మల్ కాదు," అని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కణాలను సూది కింద పెట్టాను.

నార్మల్ కణం బొమ్మ ఎలా ఉంటుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కొత్తగా అలికి ఆరిన నేలలా, సన్నని గీతలు తప్ప ఏమీ ఉండదు. అక్క కణం మీద గుంటలున్నాయి. గుంటల మధ్య బొడిపెలున్నాయి. ఒక కణం పాడైందేమోనని పక్కదానికి జరిగాను. అదీ అంతే. దాని పక్కదీ అంతే. వచ్చిన అంకె షుగరు ముదిరిన వాళ్ళ అంకెలను దాటిపోయింది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. కడగడం సరిగా చేసి ఉండను, ఉప్పు మిగిలి గడ్డకట్టి ఉంటుంది అనుకున్నాను. మిగిలిన రక్తాన్ని మళ్ళీ కడిగి, మళ్ళీ ఆరబెట్టి, పక్కనే నా రక్తాన్ని కూడా అదే చేత్తో అదే నీళ్ళతో తయారుచేసి పెట్టాను. నాది నున్నగా వచ్చింది. ఆమెది మారలేదు.

మేడం బొమ్మలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది నార్మల్ కాదమ్మా. లెక్కలోంచి తీసెయ్. ఇంకెవరినైనా చూసుకో," అంది.

"ఏమై ఉంటుంది మేడం?"

"గరుకుగా ఉందని మాత్రమే ఈ యంత్రం చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఊరికే భయపడకు."

ఊరికే భయపడకు అన్న మాట వింటే నాకు ఎక్కడలేని భయం పుడుతుంది. అక్కకు ఫోను చేయాలా వద్దా అని తేల్చుకోలేక తిరుగుతుండగా ఆమే చేసింది. మాట సరిగా వినిపించలేదు. పని మధ్యలో ఫోను చేస్తే అక్క మాట ఎప్పుడూ అంతే, బుగ్గలో వల గుళ్ళు పెట్టుకుని మాట్లాడుతుంది.

"ముందు నోట్లోవి ఊసి చెప్పవే," అని కసిరాను.

ఊసిన చప్పుడు వినిపించింది. తర్వాత అక్క గొంతు, మెల్లగా.

"నెల తప్పింది అమ్మే. ఈసారి ఎవురికీ చెప్పబాక. నిలిస్తే చూద్దాం."

ఫోను పెట్టేసి ఆ గరుకు బొమ్మను మళ్ళీ తెర మీద తెరిచాను. ఆ రక్తమే ఇప్పుడు ఆ బిడ్డకు పోతోంది. మూడోసారి కూడా కడుపు నిలవకపోతే అక్క బతికి ఉంటుందే గాని మనిషిగా మిగలదని నాకు గట్టిగా అనిపించింది.

మా కింది అంతస్తులో రక్తపరీక్షలు చూసే డాక్టరు గారు ఉండేవారు. పెద్దావిడ, మాట పొదుపు. అక్కను ఏదో వంకతో మళ్ళీ పిలిపించి, ఒక చుక్క గాజుపలక మీద పూసి ఆవిడ దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ మామూలు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. పలకను జరిపి మళ్ళీ చూశారు.

"కణాల్లో నీలం చుక్కలున్నాయి. మీ అక్క బ్యాటరీల దగ్గరగానీ పెయింట్ల దగ్గరగానీ పనిచేస్తుందా?"

"లేదండీ. విసురు వలలు కడుతుంది."

"వల నీళ్ళలో మునగడానికి అంచుకు ఏం కడతారు?"

 "సీసం గుళ్ళు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకు తెలిసినట్లు తెలియదు.

ఆ ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. రొయ్యల చెరువులు దాటాక గాలి మారింది. తుపాను ముందరి గాలి, ఇసుకను ఎత్తి మొహాన కొడుతోంది. సముద్రం బూడిదరంగులో, ఒడ్డుకు మరీ దగ్గరగా ఉన్నట్లు కనిపించింది. అక్క ఇంటి పెరట్లో రేకుల పంచ కింద బావ పొయ్యి రాజేసి ఉన్నాడు. ఇనప మూకుడులో సీసం కరుగుతోంది. చిల్లకూరు దగ్గర హైవే మీద పాత బ్యాటరీల కొట్టు నుంచి తెచ్చిన పలకలు పక్కనే కుప్పగా పడున్నాయి. రెండడుగుల దూరంలో అన్నం పొయ్యి. గాలికి ఆ పొగంతా ఇంట్లోకే పోతోంది.

అక్క గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒడినిండా వల. కొత్తగా పోసిన గుళ్ళు వెండిలా మెరుస్తున్నాయి. ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో మసకబారి బూడిదరంగుకు తిరుగుతాయి. ఒక్కొక్క గుండుకూ నడుమ చీలిక. అక్క గుప్పెడు గుళ్ళు బుగ్గలో పోసుకుంటుంది. నాలుకతో ఒకదాన్ని ముందుకు తోసి, చీలికలోకి వల తాడు దూర్చి, పళ్ళతో నొక్కి మూస్తుంది. ఇంకొకటి. ఇంకొకటి. ఆ ఊళ్ళో ఆమెంత వేగంగా గుళ్ళు ఎక్కించేవాళ్ళు లేరని పేరు. పెళ్ళయిన కొత్తలో అది చూసి చప్పట్లు కొట్టినదాన్ని నేను.

"ఏందే అట్టా చూస్తండావు, దెయ్యాన్ని చూసినట్టు?" అంది అక్క, బుగ్గ పక్కకు తోసుకుని.

"ఊసెయ్."

"ఏంది?"

"ఊసెయ్యవే, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఊసెయ్!"

నా కేకకు బావ గరిటె పట్టుకునే లేచి వచ్చాడు. అత్త లోపలి నుంచి వచ్చింది. సీసం ఒంట్లో చేరితే ఏమవుతుందో, నిలవని రెండు కడుపులూ ఎందుకు పోయి ఉండవచ్చో నాకు చేతనైనంత చెప్పాను. చెప్పానో, అరిచానో. బావకు ఆ మాట రుచించలేదు.

"మా తాత పళ్ళూడేదాకా గుళ్ళు కొరికినాడు. ముసిలోడై పోయినాడు గానీ సీసంతో పోలేదు."

"మీ తాత కడుపుతో లేడు బావా."

ఆయన గరిటె కింద పెట్టాడు. అక్క గుళ్ళన్నీ అరచేతిలోకి ఊసుకుని వాటి వంక చూస్తూ, "కాస్త తియ్యగా ఉంటాయే," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో భయం కంటే సిగ్గు ఎక్కువగా కనబడింది. 

పరీక్షకు రక్తం చెన్నై పంపించాం. సీసం ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉందని వచ్చింది. డాక్టరు గారు దాపరికం లేకుండా చెప్పారు. "పని మానేస్తే రక్తంలో తగ్గుతుంది. కానీ ఇన్నేళ్ళది ఎముకల్లో చేరి కూర్చుంది. కడుపులో బిడ్డ ఎముక కోసం తల్లి ఎముక కరుగుతుంది. దానితోపాటు అదీ బయటికి వస్తుంది. కాల్షియం, ఐరన్ తప్పకుండా వేసుకోవాలి. ఇంట్లో ఇంక సీసం పని జరగకూడదు."

మా అక్క చేతిలో ఉన్నది మానేయవచ్చు. ఎముకలో ఉన్నదాన్ని ఎవరు ఆపాలి? అక్క కడుపు పెరుగుతున్న కొద్దీ నాకు సంతోషం బదులు గుబులు పెరిగేది.

ఆ ఇంటివాళ్ళను మాత్రం తప్పుపట్టలేను. చెప్పింది చెప్పినట్లు చేశారు. బావ మూకుడు, పొయ్యి, పలకలు, వలలు, కత్తెరలు, దబ్బనాలు అన్నీ మూటకట్టి కాలవగట్టు మీద పాక వేసి అక్కడికి మార్చాడు. పని అయ్యాక అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేవాడు. పెరట్లో మట్టి పైపైన తవ్వి ఎత్తి పారబోశాడు. నేను వెళ్ళినప్పుడల్లా, "ఇన్స్‌పెక్టరమ్మ వచ్చిందిరో, చేతులు కడుక్కోండి," అని ఎగతాళి చేసేవాడు. అత్త మాత్రం నాతో పెద్దగా మాట్లాడేది కాదు. వాకిట్లో కూర్చుని సముద్రం వైపు చూసేది.

నెల నెలా అక్క రక్తం ఒక చుక్క సూది కింద పెట్టేదాన్ని. మా పరిశోధనకు దాంతో పనిలేదు. మేడం చూసీ చూడనట్లు ఊరుకుంది. గుంటలు మొదట తగ్గాయి. ఏడో నెలలో మళ్ళీ కాస్త లేచాయి. తర్వాత ఇక దిగాయి. ఒక్కోసారి లారీ పోయి గీత వణికితే, అది లారీయా రక్తమా అని మళ్ళీ మొదటి వరస నుంచి గీయించేదాన్ని.

ఈసారి కడుపు నిలిచింది. ఆడపిల్ల పుట్టింది. కాస్త బరువు తక్కువ, ఏడుపు మాత్రం వీధి చివరిదాకా వినిపించేంత. బొడ్డుతాడు రక్తంలో సీసం ఉంది, కానీ ఇంట్లో కొత్తగా తగలకపోతే నెలల్లో దిగిపోతుందని డాక్టరు గారు ధైర్యం చెప్పారు. ఆ రక్తం బొమ్మ కూడా చూశాను. పసికణాల మీద సన్నని గరుకు. తల్లిదంత కాదు. దిగిపోతుందిలే అని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.

తర్వాత నెలలు బాగానే నడిచాయి. సెలవు దొరికితే వెళ్ళి పాపను ఒళ్ళో వేసుకునేదాన్ని. మా అమ్మ చేయించిన వెండి మొలతాడు, కాళ్ళకు గజ్జెలు, చేతికి నల్లపూసల నడుమ తెల్లగా మెరిసే గుండు. పిడికిలి పొద్దస్తమానం నోట్లోనే. పళ్ళొస్తున్నాయని అందరం మురిసిపోయాం. కింద రెండు పళ్ళు నిజంగానే వచ్చాయి. అక్క బుగ్గల్లో రంగు తిరిగింది. మెట్లెక్కినా రొప్పడం లేదు.

పాప పాకడం మొదలుపెట్టాక మళ్ళీ పరీక్ష చేయించాం. చెన్నై నుంచి ఫలితం రావడానికి రోజులు పడుతుంది. తీసిన రక్తంలో ఒక చుక్క మిగిలితే నేను సూది కింద పెట్టాను. మధ్యాహ్నం. ఏసీ ఆపి ఉంది. మొదటి వరస గీత సాఫీగా రాలేదు. రెండో వరస కూడా రాలేదు. బొమ్మ సగం నిండేసరికే నాకు తెలిసిపోయింది. అయినా చివరిదాకా గీయనిచ్చాను.

గుంటలు. గుంటల మధ్య బొడిపెలు. పుట్టినప్పటి కంటే చాలా ఎక్కువ. అచ్చం అక్కవే.

చెన్నై ఫలితం కోసం ఆగలేదు. మేడంకు ఒక మాట చెప్పి, కట్టుబట్టలతో బస్సెక్కాను. దారంతా ఒకటే ఆలోచన: పని లేదు, పొగ లేదు, మట్టి లేదు, ఇంకెక్కడి నుంచి? పాలలోనా? అక్క అంకె దిగిపోయింది కదా. నీళ్ళలోనా? అందరూ అవే తాగుతున్నారు కదా. గాలి ఆ రోజు కూడా ఇసుకను ఎత్తి కొడుతోంది.

వెళ్ళగానే ఇల్లంతా గాలించాను. గిన్నెలు, ఆటబొమ్మలు, గోడల సున్నం, కాటుక డబ్బా. అక్క పాపను చంకనేసుకుని నా వెనకే తిరిగింది, "ఏమైందో చెప్పవే, చెప్పి ఏడువు," అంటూ. చెప్పాను. అక్క నేలమీద కూలబడింది. పాప ఆమె ఒళ్ళోంచి నా దగ్గరకు పాకుతూ వచ్చింది. ఎత్తుకున్నాను. పాప నా మొహం చూసి నవ్వి, పిడికిలి నోట్లో పెట్టుకుంది. పెదవుల మధ్య ఆ గుండు తళుక్కుమంది.

ఉప్పుగాలికి ఆ ఇంట్లో మెరిసే వస్తువు ఏదీ లేదు. మా అమ్మ చేయించిన వెండి మొలతాడు కూడా అప్పటికే నల్లబడింది. ఈ గుండు మాత్రం, పాప చప్పరించి చప్పరించి, అప్పుడే పోసినట్లుంది.

పాప చేతిని మెల్లగా నోట్లోంచి లాగి, గుండును గోటితో నొక్కాను. గోరు దిగింది. ఇన్నాళ్ళూ దాన్నీ వెండే అనుకున్నాను, వెండికి గోరు దిగదు. నా గోటి గాటు పక్కన అంతకుముందే పడిన సన్నని గాట్లు, జంటలు జంటలుగా ఉన్నాయి.

"ఇదెక్కడిదే?" అన్నాను. 

"మీ బావ వలలోది గదా. మా అత్త దాచిందని చెప్పినా గదా నీకు, ఎప్పుడో."

"సీసం వద్దని చెప్పాను కదే ఇంట్లో!"

"పని వద్దన్నావు. చేసినామా మేము?" అక్క ఇంకా అర్థం కాని మొహంతోనే చూస్తోంది. "ఇది పని కాదు గదా అమ్మే. దిష్టికి గదా కట్టింది."

వాకిట్లోంచి అత్త లోపలికి వచ్చింది. అన్ని నెలల తర్వాత నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. "మొదటి రెండిటికీ కట్టే రాత లేకపోయె. దీనికన్నా కట్టుకున్నా. అది తీస్తే బిడ్డకు అడ్డం ఎవురు?"

 అక్క చూపు గుండు మీదికి పోయింది, అక్కడి నుంచి పాప నోటి మీదికి. ఆమె మొహంలో నెత్తురంతా దిగిపోవడం నా కళ్ళారా చూశాను. నాలుకతో తన బుగ్గ లోపలి వైపు తడుముకుంది, అక్కడ ఇంకా ఏదో మిగిలి ఉన్నట్లు.

"కత్తెర! కత్తెర తెండి!" అని అరిచాను.

కత్తెర ఇంట్లో లేదు. వల పని తాలూకు వస్తువు ఏదీ ఇంట్లో ఉండకూడదని నేనే చెప్పాను. కత్తెరలన్నీ కాలవగట్టు మీది పాకలో ఉన్నాయి. ముడి చూస్తే వలల వాళ్ళ ముడి, తడిసి బిగిసింది, వేళ్ళకు లొంగలేదు. పాప ఏడుస్తూ చెయ్యి లాక్కుంటోంది, మళ్ళీ నోటి దగ్గరకే.

అక్క నా చేతుల్లోంచి ఆ చిన్న చెయ్యి అందుకుంది. వంగి, ఇన్నేళ్ళూ వేల తాళ్ళు కొరికిన అలవాటుతో, గుండు పక్కనే తాడును పళ్ళ మధ్య పట్టి పుటుక్కున తెంపింది. "కొరకబాకే!" అని నేనన్న మాట తెంపాక గాని బయటికి రాలేదు.

గుండు నేలమీద పడి దేవుడి గూటి కిందికి దొర్లింది. పాప ఖాళీ పిడికిలి నోట్లో పెట్టుకుంది. రెండు క్షణాలు చీకి చూసి, తీపి తగలక మళ్ళీ ఏడుపు అందుకుంది.